మెదడు ముందు అద్దం పెట్టిన డాక్టరు

పాతబస్తీలో శాలిబండ నుంచి హుస్సేనీ ఆలం దాకా ఏ గల్లీలో అడిగినా ఈ జబ్బు పేరు తెలియనివాళ్లు ఉండరు. తెలుగువాళ్లు ఫిట్స్ అంటారు, మూర్ఛ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో మిర్గీ అంటారు. పేరు ఏదైతేనేం, ఇంట్లో ఆడపిల్లకు అది వచ్చిందంటే తలుపులు దగ్గరకు వేసుకుని గుసగుసలాడుకోవడమే. గాలి సోకిందని ఒకరంటారు, అసర్ అయిందని ఇంకొకరంటారు. చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు. తర్వాత తాయెత్తో తావీజో కడతారు. పెళ్లి మాట వచ్చేసరికి విషయం దాచేస్తారు. దాచింది అత్తారింట్లో బయటపడితే ఆ పిల్ల బతుకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

అదే పిల్లను నయాపూల్ దాటించి ఉస్మానియా పెద్దాస్పత్రికి తీసుకెళితే, డాక్టరు రాసే పరీక్షల్లో ఈఈజీ ఒకటి ఉంటుంది. తలకు సన్నటి తీగలు తగిలిస్తారు. యంత్రం మీద గీతలు పైకీ కిందికీ పరుగెడతాయి. ఆ గీతల్లో దయ్యమూ ఉండదు, పాపమూ ఉండదు. మెదడులో పుట్టే కాస్తంత కరెంటు మాత్రమే ఉంటుంది.

ఆ గీతలను మనిషి తల మీద నుంచి మొట్టమొదట తీసిన డాక్టరు హాన్స్ బెర్గర్. జర్మనీ దేశస్థుడు. ఈ రోజుల్లో నగరాల్లో బోర్డులు కట్టి నేర్పుతున్న న్యూరోఫీడ్‌బ్యాక్ శిక్షణకు, అంటే మెదడు అలలను కంప్యూటరు తెర మీద చూసుకుంటూ వాటిని మార్చుకునే విద్యకు, మూలం కూడా ఆయన తీసిన గీతలే. ఆయన జీవితంలో మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. క్షమించలేనిది కూడా ఒకటుంది. రెండూ తెలుసుకుంటేనే మనకు పనికొస్తుంది.

కవి మనవడు

హాన్స్ బెర్గర్ 1873 మే 21న జర్మనీలో కోబర్గ్ పట్నం పక్కనున్న నాయ్‌జెస్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి కోబర్గ్ ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. తల్లి అన్నా. ఆమె తండ్రి ఫ్రీడ్రిఖ్ ర్యూకర్ట్ అంటే జర్మన్ సాహిత్యంలో పెద్ద కవి. మనవాళ్లకు ఆయన మీద అభిమానం కలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన సంస్కృతం చదువుకున్న మనిషి. మన నలదమయంతుల కథను 1828లోనే జర్మన్ పద్యాల్లోకి తెచ్చారు. జయదేవుడి గీతగోవిందాన్నీ అనువదించారు. బెర్గర్ అమ్మమ్మగారింట్లో మన దమయంతి పేరు తెలుసన్నమాట!

చిన్నప్పుడు హాన్స్‌కు ఆకాశం మీదే ధ్యాస. నక్షత్రాల శాస్త్రం చదువుదామనుకుని కాలేజీలో చేరాడు. ఒక్క టర్ము గడిచేసరికి ఆ చదువు ఇక చాలనుకున్నాడు. అప్పట్లో ఆ దేశంలో యువకులు సైన్యంలో కొంతకాలం పనిచేయాలి. సరే, ఆ పని ముగించుకుందామని గుర్రపు దళంలో చేరాడు.

అక్క పంపించిన టెలిగ్రాం

పంతొమ్మిదో ఇరవయ్యో ఏళ్ల వయసు. ఒకరోజు పొద్దున కవాతు జరుగుతోంది. హాన్స్ ఎక్కిన గుర్రం ఉన్నట్టుండి ముందుకాళ్లు పైకెత్తింది. కుర్రాడు కిందపడ్డాడు. వెనకాలే ఫిరంగిని లాక్కుంటూ వస్తున్న గుర్రాల బండి. చక్రం తల మీద నుంచి వెళ్లిపోవాల్సిందే. తోలేవాళ్లు ఆఖరి క్షణంలో ఎలాగో ఆపారు. ఒంటికి చిన్న గాయం కూడా కాలేదు, కానీ ప్రాణం పోయినంత పనైంది.

ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది. క్షేమంగా ఉన్నావా అని తండ్రి అడుగుతున్నాడు. అంతకుముందు ఆయన ఎప్పుడూ అలా పంపలేదు. తర్వాత అడిగితే తెలిసింది. ఆ రోజు పెద్దక్కకు మనసు ఒక్కసారిగా కీడు శంకించిందట. తమ్ముడికి ఏదో అయిందని పట్టుబట్టి తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించిందట.

మన ఇళ్లలో ఇలాంటివి మామూలే. కన్ను అదిరిందనో, చేతిలోంచి గ్లాసు జారిందనో ఊళ్లో ఉన్న కొడుక్కి వెంటనే ఫోను చేసే తల్లులు మనకు కొత్త కాదు. చాలామంది అలాంటి సంగతి విని ఆశ్చర్యపోయి ఊరుకుంటారు. హాన్స్ ఊరుకోలేదు. తన భయం అంత దూరంలో ఉన్న అక్కకు ఎలా తెలిసింది? మనసులోని శక్తి ఏదో బయటికి ప్రయాణం చేసి ఉండాలి. అలాంటి శక్తి ఉంటే దాన్ని కొలవడానికి దారి కూడా ఉండాలి. ఈ ఆలోచన ఆయన్ను జీవితమంతా వదల్లేదు. నక్షత్రాలను వదిలి వైద్యంలో చేరాడు. 1897లో యేనా నగరంలో డాక్టరు పట్టా పుచ్చుకుని, అక్కడి మానసిక వైద్యశాలలోనే ఉద్యోగానికి కుదిరాడు.

పగలు ఆస్పత్రి, సాయంత్రం ప్రయోగం

బెర్గర్ మాటలు తక్కువ, నియమాలు ఎక్కువ ఉన్న మనిషి. గడియారం చూసుకుని ఆయన రాకపోకలు సాగేవి. పగలంతా రోగులు, వార్డులు, పాఠాలు. డ్యూటీ అయ్యాక ఎవరికీ చెప్పకుండా తన ప్రయోగాలు. తోటి డాక్టర్లకు కూడా ఆయన ఏం చేస్తున్నారో సరిగా తెలియదు.

మొదట మెదడులో రక్తం ఎలా పారుతుందో కొలిచారు. కోపం, భయం, సంతోషం కలిగినప్పుడు ఆ ప్రవాహంలో తేడా వస్తుందేమోనని చూశారు. తర్వాత మెదడు వేడిని కొలిచారు. ఆలోచించేటప్పుడు మెదడు వేడెక్కుతుందేమోనని ఆశ. అనుకున్న జవాబు రాలేదు. ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ అనే డాక్టరు 1875లోనే కుందేళ్ల, కోతుల మెదడులో విద్యుత్తును పట్టుకున్నారు. ఆ దారిలో 1902 నుంచే బెర్గర్ జంతువుల మీద ప్రయత్నించారు. అదీ కుదరలేదు.

1911లో ఉర్సులా ఫాన్ బ్యూలోను పెళ్లి చేసుకున్నారు. ఆమె జమీందారీ వంశం పిల్ల, ఆయన ప్రయోగశాలలోనే సహాయకురాలిగా పనిచేసేది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన సైన్యంలో మానసిక వైద్యుడిగా వెళ్లొచ్చారు. 1919లో యేనా మానసిక వైద్యశాలకు అధిపతి అయ్యారు. పదవి పెరిగింది, వయసు యాభైకి చేరింది. అక్క టెలిగ్రాం అడిగించిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసి ఉండేవారు.

1924 జూలై 6. పదిహేడేళ్ల కుర్రాడికి మెదడు ఆపరేషన్ కోసం పుర్రె ఎముకను కొంత తొలగించి ఉంది. ఆ భాగంలో చర్మం కింద మెదడుకు అడ్డంగా ఎముక లేదు. అక్కడ తీగలు తగిలించి, సన్నటి కరెంటును పట్టే గాల్వనోమీటరుకు కలిపారు బెర్గర్. యంత్రం కదిలింది. చాలా చిన్న కదలిక. మన ఇంటి టార్చిలైటు సెల్లులో ఉండే ఒకటిన్నర వోల్టుతో పోలిస్తే అది లెక్కలోకి రానంత చిన్నది, అంతే. అయినా అది మనిషి మెదడులోంచి వచ్చింది.

కళ్లు మూస్తే ఒకలా, తెరిస్తే ఒకలా

ఇంకెవరైనా మర్నాడే పేపర్లకు ఎక్కేవారు. బెర్గర్ ఐదేళ్లపాటు నోరు విప్పలేదు. అది నిజంగా మెదడు కరెంటేనా? గుండె చప్పుడా? కండరం కదలికా? నెత్తి మీద రక్తనాళం కొట్టుకోవడమా? ఇలా తన మీద తనే అనుమానాలు వేసుకుని ఒక్కొక్కటే తీర్చుకున్నారు.

ప్రయోగాలకు మనుషులు కావాలి కదా, ఇంట్లోవాళ్లే దొరికారు. కొడుకు క్లౌస్‌ను కుర్చీలో కూర్చోబెట్టి పదుల కొద్దీ సార్లు తలకు తీగలు తగిలించారు. తర్వాతి రోజుల్లో కూతురు ఇల్జెకు లెక్క ఇచ్చి, ఆమె మనసులో చేసుకుంటుంటే అలల గీత తీశారు. మొదట్లో వెండి సూదులు చర్మం కింద గుచ్చాల్సి వచ్చేది. తర్వాత సన్నటి రేకులు పైన తగిలిస్తే చాలని తేలింది. ఫొటో కాగితం మీద వెలుగుతో గీతలు పడేవి.

అప్పుడు కనబడింది అసలు విచిత్రం. కళ్లు మూసుకుని నిమ్మళంగా కూర్చుంటే సెకనుకు సుమారు పది చొప్పున అలలు వరసగా, అందంగా వస్తున్నాయి. కళ్లు తెరిచినా, లెక్క చేయమన్నా, చప్పుడైనా ఆ పెద్ద అలలు తగ్గిపోయి, చిన్నవి, వేగమైనవి వస్తున్నాయి. మొదటివాటికి ఆల్ఫా అని, రెండోవాటికి బీటా అని పేర్లు పెట్టారు. ఆ పేర్లే ఇప్పటికీ వాడుతున్నాం.

1929లో మొదటి వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత 1938 దాకా అదే శీర్షికతో వరసగా మొత్తం 14 వ్యాసాలు రాశారు. మనిషి ఎలక్ట్రోఎన్‌కెఫలోగ్రాం గురించి, అంటే మన ఈఈజీ గురించి.

మరి అక్క మనసుకు తమ్ముడి ఆపద ఎలా తెలిసింది? దానికి మాత్రం జవాబు దొరకలేదు. ఆయన పట్టుకున్న కరెంటు ఎంత బలహీనమంటే అది నెత్తి చర్మం దాకా రావడమే గొప్ప. ఊళ్లు దాటి వెళ్లే ప్రశ్నే లేదు. ఒకటి వెతుకుతూ పోయిన మనిషికి ఇంకొకటి దొరికింది. దొరికింది మాత్రం తక్కువదేం కాదు. అంతవరకూ ఎవరూ బయటి నుంచి చూడలేని మెదడు పనికి ఒక అద్దం దొరికింది.

పరాయి దేశంలో దొరికిన గౌరవం

సొంత దేశంలో చాలామంది ఆ గీతలను నమ్మలేదు. ఒంటరిగా పనిచేసే మానసిక వైద్యుడు, యంత్రాల చదువు లేనివాడు, ఏదో పొరపాటు పడి ఉంటాడని కొట్టిపారేశారు. 1934లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అదే ప్రయోగం తిరిగి చేశారు. ఏడ్రియన్ అప్పటికే 1932లో నోబెల్ బహుమతి అందుకున్నవారు. తన తలకే తీగలు తగిలించుకుని చూశారు. కళ్లు మూస్తే అలలు వచ్చాయి, తెరిస్తే పోయాయి. బెర్గర్ చెప్పింది నిజమేనని లోకానికి చాటి, ఆ అలలకు బెర్గర్ లయ అని పేరు పెట్టారు.

ఆ వెంటనే అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ గిబ్స్, ఆయన భార్య ఎర్నా గిబ్స్, మరికొందరు డాక్టర్లు కలిసి ఫిట్స్ ఉన్నవాళ్ల ఈఈజీలు తీశారు. కొందరు పిల్లలు ఆటల మధ్యలో కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. పరధ్యానమని బడిలో దెబ్బలు కూడా తింటారు. సరిగ్గా ఆ క్షణాల్లో వాళ్ల మెదడులో సెకనుకు మూడు చొప్పున పెద్ద పెద్ద కరెంటు అలలు వస్తున్నాయని 1935లో తేల్చారు. వేల ఏళ్లుగా దేవుడి శాపమనీ దయ్యం పని అనీ అనుకున్న జబ్బు, అలా కాగితం మీద గీతగా దొరికిపోయింది. మెదడులోని కణాలు ఒక్కసారిగా కలిసికట్టుగా కరెంటు వదలడమే ఫిట్స్. అందులో రోగి తప్పు ఏముంది? వంశానికి సిగ్గు ఏముంది?

చెరగని మచ్చ

ఇంతవరకూ చదివి, ఎంత గొప్ప మనిషి అనుకుంటున్నారు కదూ? ఇక్కడే ఆగి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాది జూలైలోనే ఒక చట్టం వచ్చింది. వంశపారంపర్యంగా వస్తాయనుకున్న జబ్బులున్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేయాలని. ఆ జబ్బుల జాబితాలో మూర్ఛ కూడా ఉంది. ఎవరికి ఆపరేషన్ చేయాలో తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టారు. జడ్జి పక్కన డాక్టర్లు కూర్చునేవాళ్లు. ఆ చట్టం కింద మూడు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు సగం మంది ఆడవాళ్లు. కడుపు కోసే ఆపరేషన్ కాబట్టి ప్రాణాలు పోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

యేనా నగరంలోని అలాంటి పైకోర్టులో కూర్చున్న డాక్టర్లలో హాన్స్ బెర్గర్ ఒకరు.

నాజీలు ఆయన్ను వేధించి ఉద్యోగంలోంచి తరిమేశారని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. చరిత్రకారులు పాత కాగితాలు తిరగేస్తే అది నిజం కాదని తేలింది. 1938లో ఆయన మామూలుగానే పదవీ విరమణ చేశారు. 1941లో ఆ కోర్టు పనికి మళ్లీ పిలుపు వస్తే సంతోషంగా వస్తానని జవాబు కూడా రాశారు.

ఒకవైపు ఆయన కనిపెట్టిన యంత్రం మూర్ఛ అనేది కరెంటు తేడా మాత్రమేనని ప్రపంచానికి చూపిస్తోంది. ఇంకోవైపు అదే జబ్బున్న ఆడవాళ్లకు అమ్మ అయ్యే హక్కు లేదని తీర్పు చెప్పే చోట ఆయనే కూర్చున్నారు. చదువు వేరు, మానవత్వం వేరు. చదువుతోపాటే మానవత్వమూ వచ్చేస్తుందని అనుకోవడానికి లేదు.

చివరి రోజుల్లో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యారు. జీవితమంతా మానసిక రోగులకు వైద్యం చేసిన ఆ డాక్టరు 1941 జూన్ 1న యేనాలో ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 68.

అద్దంలో చూసి దిద్దుకోవడం

బెర్గర్ పోయాక ఆయన గీతలు కొత్తదారి పట్టాయి. బొట్టు వంకరగా ఉంటే అద్దంలో చూసుకుని సరిచేసుకుంటాం. అద్దం లేకపోతే వంకర ఉన్నట్టే తెలియదు. మరి మెదడు అలలను మనిషికి చూపిస్తే వాటినీ సరిచేసుకోగలడా?

1958లో షికాగో విశ్వవిద్యాలయంలో జో కామియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్న వేశారు. ఒక మనిషిని చీకటిగదిలో కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, అప్పుడప్పుడూ గంట మోగించేవారు. ఈ క్షణాన నీ మెదడులో ఆల్ఫా ఉందా లేదా అన్నది ఊహించి చెప్పాలి. తప్పో ఒప్పో వెంటనే చెప్పేసేవారు. మొదటిరోజు సగం జవాబులే సరైనవి, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. రోజులు గడిచేకొద్దీ చాలావరకు సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత కొందరు కావాలనుకున్నప్పుడు ఆల్ఫా తెప్పించుకోవడం కూడా నేర్చుకున్నారు.

ఇక్కడ మన దేశం మాట కూడా చెప్పుకోవాలి. 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ కలిసి యోగుల తలకు తీగలు తగిలించి చూశారు. ధ్యానంలో ఆల్ఫా అలలు బాగా పెరిగాయి. మామూలు మనిషికైతే పెద్ద చప్పుడుకో, బలమైన వెలుతురుకో ఆ అలలు చెదిరిపోతాయి. ధ్యానంలో ఉన్న యోగులకు చెదరలేదు. ఇద్దరు యోగులు గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో 45 నుంచి 55 నిమిషాలు చెయ్యి ఉంచినా వాళ్ల అలలు అలాగే ఉన్నాయి. వాళ్లు యంత్రం లేకుండా ఏళ్ల సాధనతో సంపాదించినదాన్ని, పడమటివాళ్లు యంత్రం చూపించి నేర్పాలనుకున్నారన్నమాట.

పాలు తాగిన పిల్లులు

అసలైన మలుపు పిల్లుల వల్ల వచ్చింది. 1960ల్లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో బారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడు అలలు చూస్తున్నారు. ఒళ్లు కదపకుండా, కానీ జాగ్రత్తగా కాచుకుని ఉన్నప్పుడు (ఎలుక కోసం మాటు వేసిన పిల్లిని చూసే ఉంటారు) సెకనుకు 12 నుంచి 15 అలలు వస్తున్నాయి. ఆ అలలు వచ్చినప్పుడల్లా పాలూ కోడిమాంసం రసమూ కలిపి పోశారు. తిండి కోసం పిల్లులు ఆ అలలు ఎక్కువగా తెప్పించడం నేర్చేసుకున్నాయి.

తర్వాత ఆయనకు వేరే పని అప్పగించారు. రాకెట్లలో వాడే ఒక ఇంధనం ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తున్నాయి. అది ఎంత ప్రమాదమో పిల్లుల మీద తేల్చాలి. పరీక్షిస్తే కొన్ని పిల్లులు మాత్రం మిగతావాటి కంటే బాగా తట్టుకున్నాయి. ఏ పిల్లులా అని చూస్తే, అవి పాల కోసం అలలు నేర్చిన పాత పిల్లులే!

1972లో స్టెర్మన్ ఇదే శిక్షణను మనిషికి ఇచ్చిన ఫలితం ప్రకటించారు. ఆ మొదటి రోగి ఒక స్త్రీ. వయసు 23 ఏళ్లు, చిన్ననాటి నుంచి ఫిట్స్. సరైన అలలు వచ్చినప్పుడు ఒక దీపం వెలిగేది. ఆమె ఆ దీపం వెలిగించడం నేర్చుకుంది. ఫిట్స్ బాగా తగ్గాయి. తర్వాత ఆమె కారు నడిపే లైసెన్సు కూడా సంపాదించుకుంది. ఫిట్స్ ఉందని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లకు అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

ఇప్పుడు దీపం బదులు కంప్యూటరు ఆట వచ్చింది. సరైన అలలు వస్తే తెర మీద కారు ముందుకు పోతుంది, లేకపోతే ఆగుతుంది. అరగంట, ముప్పావుగంట చొప్పున, వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఇరవై నుంచి నలభైసార్లు చేయిస్తారు. నొప్పి ఉండదు, తలలోకి కరెంటు పంపడం ఉండదు.

డబ్బు కట్టేముందు

మరి ఇది ఎంతవరకు పనిచేస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పుకుందాం.

మందులకు లొంగని ఫిట్స్ విషయంలో కొంత ఆశ ఉంది. అంతవరకు జరిగిన 10 పరిశోధనలను కలిపి 2009లో లెక్క చూస్తే, 87 మంది రోగుల్లో 64 మందికి ఫిట్స్ తగ్గాయి. వినడానికి బాగానే ఉంది కానీ మనుషుల సంఖ్య చాలా తక్కువ. అందుకే డాక్టర్లు దీన్ని మందులకు తోడుగానే చూస్తారు, మందుల బదులుగా కాదు.

ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లలకు, అంటే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు, ఈ శిక్షణ ఇస్తామనే ప్రకటనలే ఎక్కువ. అమెరికాలో రెండు చోట్ల 140 మందికి పైగా పిల్లల మీద జరిపిన పెద్ద పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. కొందరు పిల్లలకు వాళ్ల అలలే చూపించారు. మిగతావాళ్లకు తెలియకుండా వేరే పిల్లల అలలు చూపించారు. రెండు గుంపులూ ఒకేలా బాగుపడ్డాయి! అంటే మేలు చేసింది అలలు కాకపోవచ్చు. వారానికి మూడుసార్లు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఓపిగ్గా ప్రోత్సహించడం, పద్ధతి ప్రకారం ఒక పని చేయడం, ఇవే పనిచేసి ఉండవచ్చు.

కాబట్టి వేలకు వేలు కట్టేముందు పిల్లల డాక్టరునో, నరాల డాక్టరునో, మానసిక వైద్యుడినో అడగండి. జ్ఞాపకశక్తి రెట్టింపవుతుందనీ, ర్యాంకులు వస్తాయనీ, అన్ని జబ్బులూ పోతాయనీ ఎవరైనా చెబితే నమ్మకండి. ముఖ్యంగా, ఈ శిక్షణ మొదలుపెట్టాం కదా అని ఫిట్స్ మందులు మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో తెలుసుకోవాల్సినవి

ఎవరికైనా ఫిట్స్ వస్తే కంగారుపడకండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేయండి. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి. కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్లు గానీ పెట్టకండి. తాళంచెవుల గుత్తి, ఉల్లిపాయ వల్ల ఏమీ జరగదు, ఫిట్స్ దానంతట అదే రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈఈజీ పరీక్షకు వెళ్లేముందు తలస్నానం చేసి, జుట్టుకు నూనె రాయకుండా వెళ్లండి. నూనె ఉంటే తీగలు సరిగా అంటుకోవు. జడ విప్పాల్సి వస్తుంది. షాకు కొడుతుందన్న భయం అక్కర్లేదు. ఒకోసారి ఫిట్స్ ఉన్నా ఈఈజీ మామూలుగానే రావచ్చు. అందుకే డాక్టరు ఆ కాగితంతోపాటు మీరు చెప్పేది కూడా వింటారు. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్లే వెంట వెళ్లి చెప్పడం మంచిది.

పెళ్లయినవాళ్లు, కాబోయేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫిట్స్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డలనే కంటారు. అయితే కొన్ని మందులు, ముఖ్యంగా సోడియం వాల్‌ప్రోయేట్, కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. నెల తప్పాక కాదు, ముందుగానే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

చట్టం మారింది, మనం మారాలి

హిందూ వివాహ చట్టంలో 1976లో చేసిన సవరణతో, తరచూ మూర్ఛ వచ్చే మనిషి పెళ్లికి అర్హత లేదన్న మాట చేరింది. దాన్ని చూపించి పెళ్లి రద్దు చేయమని కోర్టుకెక్కే వీలుండేది. ప్రత్యేక వివాహ చట్టంలోనూ అదే మాట ఉండేది. డాక్టర్లు, రోగుల కుటుంబాలు గట్టిగా అడగగా 1999లో రెండు చట్టాల్లోంచీ మూర్ఛ అన్న మాటను పార్లమెంటు తీసేసింది. ఇప్పుడు మన దేశంలో ఫిట్స్ ఉన్నందువల్ల పెళ్లి చేసుకునే హక్కు పోదు.

చట్టం అయితే మారింది కానీ, మన గల్లీల్లో గుసగుసలు ఇంకా పోలేదు. యేనా కోర్టులో కూర్చున్న పెద్దలు చదువురానివాళ్లు కారు. ఫిట్స్ ఉన్న పిల్లను కోడలిగా వద్దనేవాళ్లూ చదువురానివాళ్లే కానక్కర్లేదు. బెర్గర్ కనిపెట్టిన యంత్రం జబ్బును మాత్రమే చూపిస్తుంది. ఆ జబ్బు ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలో చెప్పదు. అది మన చేతుల్లో ఉన్న పని.

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఫిట్స్ ఉన్న పిల్ల ఉంటే మొదట డాక్టరు దగ్గరికి పంపండి. నమ్మకం ఉన్నవాళ్లు గుడికో దర్గాకో వెళ్లినా మందు మాత్రం పూట తప్పనివ్వకండి. బడి మాన్పించకండి. సంబంధం కుదిరేటప్పుడు దాచకుండా, డాక్టరు కాగితం చేతపట్టుకుని ధైర్యంగా చెప్పండి. చక్కగా మందులు వేసుకుంటే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ పూర్తిగా అదుపులోకి వస్తాయి. ఆ మాట కూడా చెప్పండి. అవతలివాళ్లు కాదంటే ఆ లోపం పిల్లది కాదు.